పీడియాట్రిక్స్ మనకు సరిపోతుందా? బెంగళూరులో చదివే తెలుగు మెడికోలు ఎలా తేల్చుకోవాలి

ఫైనల్ ఇయర్ మొదలైందంటే చాలు, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "పీజీలో ఏం తీసుకుంటావ్?" నాన్న కార్డియాలజీ అంటారు, మేనమామ రేడియాలజీ అంటాడు, రూమ్మేట్ డెర్మా అంటాడు. "నాకు పిల్లలంటే ఇష్టం, పీడియాట్రిక్స్ చేస్తాను" అన్నారనుకోండి, రాత్రిళ్లు నిద్రుండదు, డబ్బు తక్కువ, తల్లిదండ్రులతో తలనొప్పి అని అక్కడికక్కడే తేల్చేస్తారు. మీ ఇష్టమైనా వాళ్ల భయమైనా, వార్డు సరిగ్గా చూడకముందు పుట్టినవే.

నేను బెంగళూరులో పిల్లల డాక్టర్ని. ఇక్కడి కాలేజీల్లో చదివే తెలుగు స్టూడెంట్లు ఏటా ఈ ప్రశ్న పట్టుకుని వస్తుంటారు. ఏ బ్రాంచ్ అయినా దాని మామూలు రోజు ఎలా ఉంటుందో, దాని చెడ్డ రాత్రి ఎలా ఉంటుందో కళ్లారా చూసి నిర్ణయించుకోమని చెబుతాను. ఎంబీబీఎస్‌లో ఆ రెండూ చూసే వీలుంది. పీజీ సీటు వచ్చాక చూసి లాభం లేదు. అందులోనూ తెలుగు వచ్చిన మెడికోకి బెంగళూరు పిల్లల వార్డుల్లో చేయడానికి బోలెడు పని ఉంది. అది ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ వరసలో చేయాలో రాస్తున్నాను.

మొదటి పని: స్టెతస్కోప్ జేబులో పెట్టి చూడటం

పీడియాట్రిక్స్ పోస్టింగ్ సెకండ్ ఇయర్ నుంచి ఫైనల్ ఇయర్ దాకా ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో మూడు వారాలు. చాలామంది ఈ రోజుల్ని లాగ్‌బుక్ సంతకాలకే ఖర్చుపెట్టేస్తారు. మీరు మొదటి పోస్టింగ్‌లోనే ఒక అలవాటు పెట్టుకోండి. రోజుకి ఒక్క బిడ్డ దగ్గర, వాళ్లమ్మ ఒప్పుకుంటే, అరగంట కూర్చోండి.

పెద్దవాళ్ల వార్డులో గట్టిగా ఊపిరి పీల్చమంటే పీలుస్తారు, నాలుక చాపమంటే చాపుతారు. ఏడాది బిడ్డ మీ తెల్లకోటు చూడగానే అమ్మ భుజంలో మొహం దాచేసుకుంటాడు. చెయ్యి వేశారంటే గుక్కపట్టి ఏడుస్తాడు. ఇక ఊపిరి లెక్కకి రాదు, గుండె చప్పుడు వినపడదు, పొట్ట గట్టిగా బిగుసుకుపోతుంది. అందుకే ఇక్కడ పరీక్షకి వరస వేరు. బిడ్డ అమ్మ ఒళ్లోనే ఉండాలి. చొక్కా పైకెత్తమని అమ్మకే చెప్పాలి. నాలుగడుగుల దూరంలో నిలబడి, పొట్టా ఛాతీ కదలడం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించే అలవాటు పనికిరాదు, ఎందుకంటే చంటిపిల్లల ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు ఆగి ఆగి నడుస్తుంది. రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఈ అంకె చేరినా దాటినా వేగం ఎక్కువున్నట్టే. ఖరీదైన మెషీన్ ఏదీ లేని పీహెచ్‌సీలో కూడా న్యుమోనియాని అనుమానించడానికి ఈ మూడు అంకెలు, ఒక వాచీ చాలు.

లెక్కపెడుతూనే మిగతావీ చూడండి. ఊపిరి తీసినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి పోతోందా? ముక్కు పుటాలు ఎగురుతున్నాయా? మూలుగుతోందా? తాళంచెవుల గుత్తి ఆడిస్తే అటు చూస్తోందా, చూసి చెయ్యి చాపుతోందా? చెయ్యి చాపి నవ్విన బిడ్డ గురించి మీకు సగం తెలిసిపోయినట్టే. అమ్మ ఒళ్లో వాలిపోయి, సూది గుచ్చినా ఏడవని బిడ్డని చూస్తే పరుగెత్తి సీనియర్‌ని పిలవండి. వార్డులో ఏడుపు మంచి శబ్దం అని కొన్నాళ్లకి మీకే తెలుస్తుంది.

బిడ్డ నిద్రలో ఉంటే ముందు గుండె వినేయండి. నొప్పి ఉన్న చోటు చివర్లో ముట్టుకోండి. చెవి, గొంతు అన్నిటికంటే ఆఖరున, అప్పుడు ఏడ్చినా పని ఆగదు.

ఇలా పదిమంది బిడ్డల దగ్గర కూర్చున్నాక మిమ్మల్ని మీరు అడగండి: అరగంట ఎలా గడిచింది? మాట చెప్పలేని పేషెంట్ దగ్గర కూర్చుని కళ్లతోనే సమాధానం వెతుక్కోవడం మీకు ఆసక్తిగా ఉందా, విసుగ్గా ఉందా? పిల్లలంటే ముద్దు అనే మాటకంటే ఈ జవాబు ఎక్కువ విలువైంది. రోగంతో ఉన్న బిడ్డ రోజంతా ముద్దుగా ఉండదు. చీదుతుంది, కక్కుతుంది, తన్నుతుంది, మీ కళ్లజోడు లాగేస్తుంది. అప్పుడు కూడా ఆ బిడ్డ మీద ఓపిక ఉందంటే అది మంచి గుర్తు.

రెండో పని: సీసాల లెక్క

పెద్దవాళ్లకి జ్వరమొస్తే పారాసెటమాల్ మాత్ర రాసేసి పంపిస్తాం. పిల్లల విషయంలో ప్రతి మందూ బరువు మీద లెక్క. ఈ లెక్క మీకు చికాకా, ఇష్టమా అన్నది ముందే తెలుసుకోవాలి.

ఓపీలో ఒక బిడ్డ బరువు 8.4 కిలోలు అనుకోండి. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున 126 మిల్లీగ్రాములు. ఇక్కడిదాకా సులువే. ఇప్పుడు మందుల షాపుకి వెళ్లండి. ఐదు మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉండే సిరప్ ఒకటి, అదైతే ఐదు మిల్లీలీటర్లు పట్టాలి. ఐదు మిల్లీలీటర్లలో 250 ఉండేది ఇంకొకటి, అదైతే రెండున్నర. ఒక్క మిల్లీలీటర్‌లోనే 100 ఉండే డ్రాప్స్ మరొకటి, అదైతే ఒకటింపావు. మూడిటి రంగూ రుచీ ఇంచుమించు ఒకటే. పోయినసారి సిరప్ ఒక మూత పట్టిన తల్లి, ఈసారి ఇంట్లో ఉన్న డ్రాప్స్ కూడా అలాగే ఐదు మిల్లీలీటర్ల మూత నిండా పట్టిందంటే 500 మిల్లీగ్రాములు, అంటే నాలుగు డోసులు ఒకేసారి లోపలికి వెళ్లాయి. ఇలా రోజుకి నాలుగుసార్లు, మూడు రోజులు పడితే బిడ్డ లివర్ ఏమవుతుందో మీకు ఫార్మకాలజీలో చెప్పే ఉంటారు.

అందుకే మంచి పిల్లల డాక్టర్ మందు రాసి ఊరుకోరు. సీసా తెప్పించుకుంటారు, మూత మీద పెన్నుతో గీత గీస్తారు, "ఇంతవరకే, ఆరు గంటలకోసారి, జ్వరముంటేనే" అని చెప్పి, మళ్లీ తల్లి చేతే చెప్పిస్తారు. మీ పోస్టింగ్‌లో డిశ్చార్జ్ అయ్యే ప్రతి బిడ్డ చీటీ తీసుకుని, బరువు చూసి, డోసు మీరే లెక్క వేసి వార్డులోని పీజీ డాక్టర్‌కి చూపించండి. ఎవరూ కాదనరు, వాళ్లకీ ఒక చెక్ అవుతుంది. వారం తిరిగేసరికి మీ మనసు ఎటుందో మీకే తెలిసిపోతుంది.

బరువు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పుట్టినప్పటి బరువు అయిదో నెలకి రెండింతలు, ఏడాదికి మూడింతలు అవుతుందని చదువుకుంటాం. కర్ణాటకలో తల్లులు తెచ్చే తాయి కార్డులో ఎదుగుదల చార్ట్ ఉంటుంది, చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. ఆ చుక్కలు మీరు పెట్టండి. జ్వరానికని వచ్చిన బిడ్డ మూడు నెలలుగా బరువే పెరగలేదని చుక్కలు కలిపాక బయటపడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరని తేలింది. ఆ అంకె వెనక ఉన్న బిడ్డ మీ ముందున్న బెంచీ మీదే కూర్చుని ఉండొచ్చు.

మూడో పని: మీ తెలుగుని వార్డుకి తీసుకెళ్లండి

ఇది బెంగళూరులో ఉన్నవాళ్లకే దక్కిన వీలు. ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఓపీ వరండాలో కాసేపు నిలబడండి. హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లె, పలమనేరు, కుప్పం నుంచి వచ్చినవాళ్ల మాట చెవిన పడుతుంది. ఆ ఊళ్లవాళ్లకి విజయవాడ, హైదరాబాద్‌ల కంటే బెంగళూరే దగ్గర. ఇటు పావగడ, బాగేపల్లి, కోలారు వైపు కర్ణాటకవాళ్లలోనూ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. తెల్లవారుజామున బస్సెక్కి, మెజస్టిక్‌లో దిగి, బిడ్డని భుజాన వేసుకుని వచ్చిన తల్లికి కన్నడ అర్థం కాదు, ఇంగ్లీషు రాదు. డ్యూటీ పీజీకి తెలుగు రాదు. వాళ్లిద్దరి మధ్య మీరు ఉన్నారు.

యూనిట్ చీఫ్‌ని కలిసి, "తెలుగు పేషెంట్లు వస్తే నన్ను పిలవండి, హిస్టరీ నేను తీసి ప్రజెంట్ చేస్తాను" అని చెప్పండి. ఒక్క పోస్టింగ్‌లో మీ బ్యాచ్‌లో ఎవరూ చూడనన్ని కేసులు చూస్తారు. తల్లులు చెప్పేది వాళ్ల మాటల్లోనే వినండి. "రెండ్రోజుల్నుంచి పక్కలు ఎగరేస్తున్నాడు", "మాడు లోపలికి పోయింది", "పాలు పట్టట్లేదు, ఒకటే మూలుగు" అని వాళ్లు చెప్పే ఒక్కో మాటలో ఒక్కో రోగ లక్షణం ఉంటుంది. అడ్డుకోకుండా వింటే డయాగ్నసిస్ సగం అక్కడే దొరుకుతుంది.

అడగాల్సినవి అడగడంలో నేర్పు కావాలి. నాటువైద్యం ఏదైనా చేశారా అని పోలీసులా అడిగితే ఎవరూ ఒప్పుకోరు. "మా ఇంట్లోనూ పిల్లలకి వస అరగదీసి నాకించేవాళ్లమ్మా, మీరేమైనా పెట్టారా?" అంటే అన్నీ బయటికొస్తాయి. పసరు పోశారా, బొడ్డు మీద ఏమైనా పూశారా, చెవిలో నూనె వేశారా, గ్రైప్ వాటర్ ఎన్నిసార్లు పట్టారు. పక్కనే అమ్మమ్మో నానమ్మో ఉంటే ఆవిడని వదిలేసి తల్లితోనే మాట్లాడకండి. ఇంటికెళ్లాక ఆరు నెలల వరకు తల్లిపాలే ఇవ్వాలా, మధ్యలో నీళ్లు పట్టాలా అన్నది తేల్చేది చాలా ఇళ్లలో ఆవిడే. "పెద్దమ్మా, మీరు ఎంతమందిని పెంచారు?" అని మొదలుపెడితే ఆవిడే మీ వైపు నిలబడుతుంది.

అలాగని తెలుగుతోనే సరిపెట్టుకోకండి. మీ వార్డులో ఎక్కువమంది కన్నడవాళ్లే. "మగు హాలు కుడీతిదెయా?" (బిడ్డ పాలు తాగుతోందా), "జ్వర యావాగినింద?" (జ్వరం ఎప్పటినుంచి), "మూత్ర మాడ్తిదెయా?" (మూత్రం పోస్తోందా) లాంటి ఓ ఇరవై వాక్యాలు వార్డు సిస్టర్ల దగ్గర నేర్చుకోండి. తప్పు పలికినా తల్లులు నవ్వి సరిదిద్దుతారు. ఆ నవ్వుతో వాళ్ల టెన్షన్ కూడా కాస్త తగ్గుతుంది.

రోగుల వివరాల విషయంలో ఒక కట్టుబాటు పెట్టుకోండి. బిడ్డ ఫొటో తీసి స్టేటస్ పెట్టడం, రీల్ చేయడం ఎంత మంచి ఉద్దేశంతోనైనా వద్దు. వాడి తరఫున ఒప్పుకునే హక్కు మీకు లేదు.

నాలుగో పని: పుట్టిన మొదటి నిమిషం చూడండి

పిల్లల డాక్టర్ పనిలో పెద్ద భాగం లేబర్ రూమ్‌లో, ఎన్‌ఐసీయూలో (పుట్టిన బిడ్డల ఐసీయూలో) జరుగుతుంది. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు చాలామంది అటు వెళ్లరు. ప్రసూతి పోస్టింగ్‌లో ఉన్నప్పుడు డెలివరీ అయిపోగానే తల్లి దగ్గరే ఉండిపోకుండా, ఒక్కసారి బిడ్డతో పాటు, బిడ్డని వెచ్చగా ఉంచే వార్మర్ దగ్గరికి నడవండి.

అక్కడ పని బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. వార్మర్ ముందే ఆన్ చేసి పెట్టడం, గుడ్డలు వెచ్చబెట్టడం, బ్యాగ్-మాస్క్‌ని అరచేతికి ఆనించి నొక్కి గాలి వస్తోందో లేదో చూసుకోవడం. పదిమంది బిడ్డల్లో తొమ్మిదిమంది తమంతట తామే ఏడుస్తారు. పదో బిడ్డకి కాస్త సాయం కావాలి, తుడిచి వెచ్చగా ఉంచి వీపు నిమరడంతోనే చాలామంది ఊపిరి అందుకుంటారు. అందుకోని బిడ్డకి మొదటి నిమిషంలోపే మాస్క్‌తో ఊపిరి ఇవ్వడం మొదలుపెట్టాలి. ఆ నిమిషంలో గదిలో అందరూ గోడ గడియారం వైపు, బిడ్డ ఛాతీ వైపు చూస్తుంటారు. అప్పుడు మీ చేతులు వణికాయా, ఇంకా దగ్గరికి వెళ్లాలనిపించిందా గమనించుకోండి. వణకడం తప్పేమీ కాదు, అభ్యాసంతో పోతుంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, నేషనల్ నియోనటాలజీ ఫోరం కలిసి నేర్పే నియోనేటల్ రిససిటేషన్ ట్రైనింగ్ ఇంటర్న్‌షిప్‌లో దొరికితే తప్పకుండా చేరండి. బొమ్మ మీద చేయించి నేర్పిస్తారు. మీరు రేపు ఏ బ్రాంచ్‌కి వెళ్లినా పీహెచ్‌సీలో కాన్పు దగ్గర అది పనికొస్తుంది.

ఎన్‌ఐసీయూలోకి వెళ్లేముందు వాచీ, ఉంగరాలు, గాజులు తీసేయాలి. మోచేతుల దాకా రెండు నిమిషాలు చేతులు కడగాలి. జలుబు ఉంటే ఆ రోజు వెళ్లొద్దు. లోపల కిలో బరువున్న బిడ్డని తల్లి రొమ్ముకి ఆనించి కంగారూ మదర్ కేర్ ఇస్తుంటే దూరంగా కూర్చుని చూడండి. ఆక్సిజన్ మానిటర్ మీద అంకె నెమ్మదిగా సర్దుకోవడం కనిపిస్తుంది.

అయిదో పని: ఒక రాత్రి ఉండండి

ఇంటర్న్‌షిప్ డ్యూటీ వచ్చేదాకా ఆగకండి. ఫైనల్ ఇయర్‌లోనే ఒక శుక్రవారమో శనివారమో పీజీ అనుమతితో రాత్రంతా క్యాజువాలిటీలో, వార్డులో ఉండండి. డెంగ్యూ రోజుల్లో అయితే ఇంకా బాగా అర్థమవుతుంది. జ్వరం తగ్గిందని తల్లి సంతోషపడే రోజే డెంగ్యూలో కనిపెట్టుకుని ఉండాల్సిన రోజు అని పుస్తకంలో ఉంటుంది. తెల్లవారుజామున గంట గంటకీ నాడి, బీపీ, మూత్రం కొలుస్తున్న పీజీ పక్కన నిలబడితే ఆ వాక్యం జన్మలో మర్చిపోరు.

రాత్రిపూట వెయిన్ దొరకని బిడ్డ ఉంటుంది. ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చిన ఫిట్స్ కేసు ఉంటుంది. మూడో ప్రయత్నంలోనూ సెలైన్ ఎక్కించే క్యాన్యులా పడకపోతే, "మా బిడ్డని చంపేస్తున్నారు" అని అరిచే తండ్రి ఉంటాడు. ఆయన కోపం వెనక ఉన్న భయాన్ని చూడగలిగితే ఈ బ్రాంచ్‌లో మీరు నిలబడగలరు. వాదించకుండా కూర్చోబెట్టి, ఏం జరుగుతోందో రెండు వాక్యాల్లో చెప్పి, నీళ్లు ఇవ్వడం కూడా వైద్యమే. స్టూడెంట్‌గా సూదులు వేయడానికి ఎగబడకండి. పట్టుకోవడం, లైట్ చూపించడం, బిడ్డకి కబుర్లు చెప్పడం మీ పని.

ఒక్కోసారి బిడ్డ దక్కదు. ఇది రాయకుండా ఈ గైడ్ పూర్తికాదు. పిల్లల చావు చూడలేక ఈ బ్రాంచ్ వదిలేసినవాళ్లు ఉన్నారు, అది బలహీనత అని నేను అనను. అదే చావు చూసి, ఇంకో బిడ్డకి అలా జరగకూడదని పట్టుబట్టి నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. అలాంటి రాత్రి గడిచాక ఎవరితోనైనా మాట్లాడండి. సీనియర్‌తో, స్నేహితులతో, ఇంట్లో. నిద్రపట్టకుండా రోజులు గడుస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. పీజీలో చేరాక రాత్రి డ్యూటీలు వారానికొకటి, రెండు వస్తాయి. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా సాగే డ్యూటీలు చాలాచోట్ల ఇంకా ఉన్నాయి. అవి ఉండకూడదు, పోరాడాల్సిన విషయమే. కానీ ఉన్నాయని తెలిసే అడుగుపెట్టండి.

మీ ఆరోగ్యం కూడా చూసుకోండి. పిల్లల వార్డులో మొదటి ఏడాది జలుబులు, విరేచనాలు వదలవు. హెపటైటిస్ బి, ఎమ్మార్ (తట్టు, రుబెల్లా), ఆటలమ్మ టీకాలు పూర్తయ్యాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

బెంగళూరులో ఎక్కడెక్కడ చూడొచ్చు

మీ కాలేజీ పిల్లల వార్డు చిన్నదైతే బాధపడక్కర్లేదు. డెయిరీ సర్కిల్, విల్సన్ గార్డెన్ వైపు ఇందిరా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్, నిమ్హాన్స్, కిద్వాయ్ దగ్గర దగ్గరే ఉన్నాయి. ఒకటి పూర్తిగా పిల్లలది, రెండోదాంట్లో పిల్లల మానసిక వైద్యం, నరాల వైద్యం, మూడోదాంట్లో పిల్లల క్యాన్సర్ విభాగం. కేఆర్ మార్కెట్ మెట్రో దిగితే 1935 నుంచి నడుస్తున్న వాణీ విలాస్ ఆసుపత్రి, అక్కడ కాన్పులూ పుట్టిన బిడ్డలూ చూడాలి. బన్నేరుఘట్ట రోడ్డులో జయదేవలో పిల్లల గుండె జబ్బులు, కోరమంగల వైపు సెయింట్ జాన్స్‌లో పిల్లల కిడ్నీ వైద్యం.

వీటిలోకి నేరుగా నడిచి వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. ఎంబీబీఎస్‌లో ఎలెక్టివ్ పోస్టింగ్ ఉంది కదా, దాన్ని దీనికి వాడుకోండి. మీ డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో, ఏ తేదీల్లో, ఏ యూనిట్లో, ఏం చూడాలనుకుంటున్నారో ఒక పేజీలో రాసిన లెటర్ తీసుకుని, కనీసం రెండు నెలల ముందు ఇవ్వండి. మీ కాలేజీ రూల్స్ ఒప్పుకోకపోతే సెలవుల్లో అబ్జర్వర్‌గా వెళ్లే వీలుందేమో అడగండి.

రీసెర్చ్ మీద ఆసక్తి ఉంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కి పీడియాట్రిక్స్ గైడ్‌తో అప్లై చేయండి, రెండు నెలల పని. తాయి కార్డుల్లో టీకాలు ఎంతమందికి సమయానికి పడ్డాయి లాంటి చిన్న ప్రశ్న చాలు. పీడియాట్రిక్స్ అకాడమీ ఏటా యూజీ స్టూడెంట్లకి పెట్టే క్విజ్‌కి కూడా టీమ్‌గా వెళ్లండి.

సెలవుల్లో మీ ఊరి పిల్లల డాక్టర్ దగ్గర కూర్చోండి

బెంగళూరు ఆసుపత్రులు చూసి మొత్తం పీడియాట్రిక్స్ ఇదే అనుకోవద్దు. మీలో ఎక్కువమంది చివరికి అనంతపురంలోనో తిరుపతిలోనో ఒంగోలులోనో స్థిరపడతారు. దసరా, సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఊళ్లో పేరున్న పిల్లల డాక్టర్ని అడిగి రెండు సాయంత్రాలు ఓపీలో కూర్చోండి. అక్కడ జలుబు, దగ్గు, విరేచనాలు, టీకాలు, "మావాడు అన్నం తినట్లేదు" అనేవే ఎక్కువ. అదే మామూలు రోజు. ఆ రోజులో ఆయనకి ఇప్పటికీ ఉత్సాహం ఉందా చూడండి. ఆయన్ని ఈ ప్రశ్నలు అడగండి: ప్రాక్టీస్ నిలదొక్కుకోవడానికి ఎన్నేళ్లు పట్టింది, రాత్రి సిజేరియన్లకి నర్సింగ్ హోమ్‌లు పిలిస్తే ఎలా సర్దుకుంటారు, సెలవు పెడితే ఎవరు చూస్తారు, మళ్లీ ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటారా.

డబ్బు గురించి కూడా ఆయన్నే అడగండి. ప్రొసీజర్లున్న బ్రాంచ్‌లతో పోలిస్తే మొదట్లో ఆదాయం తక్కువ, ఇది నిజం. నమ్మకం కుదిరాక ఒక కుటుంబంలో ఒక బిడ్డతో మొదలై ఇద్దరు, ముగ్గురు పిల్లలు మీ దగ్గరికే వస్తారు, ఇదీ నిజం. ఇంట్లో అప్పు తీర్చాల్సిన బాధ్యత ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పిల్లల డాక్టర్ పని ఓపీ గదికే పరిమితం కాదని చెప్పే రెండు సంగతులు చెబుతాను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే, దిలీప్ మహలనబిస్ అనే పిల్లల డాక్టర్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించి వేలమందిని కాపాడే దారి చూపించారు. ఈనాటి ఓఆర్‌ఎస్ వాడకానికి ఊతమిచ్చింది ఆ పని. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్, ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడవుతున్న తీపి డ్రింకుల మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల లేబుల్ మీద ఆ మాట వాడకూడదని ఆదేశించింది.

దారులు, సీట్లు

ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీ రాసి ఎండీ పీడియాట్రిక్స్ లేదా నేషనల్ బోర్డు ఇచ్చే డీఎన్‌బీ, రెండూ మూడేళ్లే. రెండేళ్ల డిప్లొమా కూడా ఆ బోర్డు ద్వారానే ఉంది. ఎయిమ్స్, జిప్మర్, పీజీఐ చండీగఢ్ లాంటి వాటికి ఐఎన్ఐ సెట్ వేరే రాయాలి. ఎండీ తర్వాత నీట్ ఎస్ఎస్ రాసి నియోనటాలజీ, పీడియాట్రిక్ న్యూరాలజీ, నెఫ్రాలజీ, కార్డియాలజీ, క్రిటికల్ కేర్ వంటివాటిలో మరో మూడేళ్లు డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు చేయొచ్చు. పిల్లలకి ఆపరేషన్లు చేయాలనుంటే దారి వేరు. జనరల్ సర్జరీ ఎంఎస్ చేసి ఆపైన ఎంసీహెచ్ (సర్జరీలో సూపర్ స్పెషాలిటీ) పీడియాట్రిక్ సర్జరీ చేయాలి, లేదా ఎంబీబీఎస్ నుంచే నేరుగా నేషనల్ బోర్డు వాళ్ల ఆరేళ్ల డీఆర్‌ఎన్‌బీ కోర్సుకి వెళ్లాలి. ఈ తేడా తెలియక పీడియాట్రిక్స్‌లో చేరి ఆపరేషన్ థియేటర్ కోసం వెతుక్కునేవాళ్లు ఉన్నారు.

బయటి రాష్ట్రంలో ఎంబీబీఎస్ చదివిన మనవాళ్లకి కోటా గందరగోళం తప్పదు. ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు ఆల్ ఇండియా కోటాలో ఉంటాయి, వాటికి మీరు ఎక్కడివాళ్లన్నది అడ్డు కాదు. మిగతా సగానికి వస్తే, పీజీ మెడికల్ సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చదివిన కాలేజీని బట్టి ఇచ్చే ప్రాధాన్యం కొంతవరకు ఉండొచ్చని చెప్పింది. అందుకే కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ మూడిటి ఆ ఏటి నోటిఫికేషన్లూ తెచ్చుకుని, సీనియర్లు చెప్పిన పాత లెక్క మీద ఆధారపడకుండా మీరే చదువుకోండి. బాండ్, సర్వీస్ షరతులు కూడా అందులోనే ఉంటాయి.

ఇన్ని చూశాక ఒక కాగితం తీసుకుని, వార్డులో మీకు బాగా నచ్చిన రోజు ఏది, అస్సలు వెళ్లాలనిపించని రోజు ఏది, రెండూ ఎందుకో రాయండి. నచ్చిన రోజున మీరు చేసిన పని పిల్లల డాక్టర్లు వారమంతా చేసే పనేనా? నచ్చని రోజున మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది నేర్చుకుంటే పోయేదా, జీవితాంతం ఉండేదా? ఆ కాగితాన్ని ఇంట్లోవాళ్లకీ చూపించండి. "ఇష్టం" అన్నప్పుడు వినని నాన్న, రాసిన కారణాలు చదివితే వింటారు.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు లాక్ చేసేముందు, జాబితాలో పైన పెట్టిన ప్రతి కాలేజీలోనూ పీడియాట్రిక్స్ ఫస్ట్ ఇయర్ పీజీ ఒకరి నంబర్ సంపాదించి ఫోన్ చేయండి. నెలకి ఎన్ని కాన్పులు, ఎన్‌ఐసీయూలో ఎన్ని వెంటిలేటర్లు, నైట్ డ్యూటీ ఎన్ని రోజులకోసారి, డ్యూటీ మర్నాడు ఎన్నింటికి వదిలేస్తారు, స్టైపెండ్ సమయానికి పడుతుందా, కన్సల్టెంట్లు రాత్రి ఫోన్ ఎత్తుతారా అని అడగండి. ఆఖరి ప్రశ్నకి వాళ్లిచ్చే జవాబుని బట్టి కాలేజీల వరస మార్చుకోండి.